పీఈటీ లేని స్మార్ట్ బోర్డు

గ్రౌండు లేకపోతేనేం, స్మార్ట్ బోర్డు ఉందిగా. పీఈటీ లేకపోతేనేం, యూట్యూబ్ ఉందిగా. కంప్యూటరుతో పిల్లలకు ఆటలు నేర్పేయొచ్చనే వాళ్ల ధీమా ఇది. కాదంటే వెంటనే కెన్యా జావెలిన్ వీరుడు జూలియస్ యెగోను పట్టుకొస్తారు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడట, 2015లో బీజింగ్‌లో 92.72 మీటర్లు విసిరి ప్రపంచ చాంపియన్ అయ్యాడట. నిజమే, కాకపోతే సగమే. అంతకుముందే అతను ఫిన్లాండ్ వెళ్లి కోచ్ దగ్గర శిక్షణ తీసుకున్న ముచ్చట మాత్రం వీళ్లు ఎత్తరు.

హైదరాబాద్ శివారులోని కొల్లూరుకు రండి. 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీలోనే 15,660 ఇళ్లు. పటాన్‌చెరు, రామచంద్రాపురం ఫ్యాక్టరీల షిఫ్టులతో తెల్లారే ప్రాంతం. ఇక్కడి పిల్లలకు తెరలు కొత్తా? అమ్మ ఫోను చాలు. వాళ్లకు కావాల్సింది పక్కన నిలబడి చూసే మనిషి.

కబడ్డీలో బోనస్ సంగతే చూడండి. అవతల కనీసం ఆరుగురు ఉండాలి, ఒక కాలు బోనస్ గీత దాటాలి, రెండో కాలు గాల్లో ఉండాలి. ఇంతవరకు తెర మీద పదిసార్లు చూపించొచ్చు. కార్నర్‌లో ఉన్నవాడు ఎప్పుడు ముందుకు వాలుతున్నాడో పసిగట్టడం, చీలమండ దొరికిపోయాక ఒళ్లు విదిలించి మధ్య గీత అందుకోవడం మాత్రం మోకాళ్లు నాలుగుసార్లు చెక్కుకుపోతే గానీ రావు.

ఇక ప్రతి కదలికకూ తప్పొప్పులు చెప్పే యాప్‌లు. 1984లోనే పరిశోధకులు సాల్మోని, ష్మిట్, వాల్టర్ ఒక వ్యాసంలో ఈ సంగతి తేల్చారు: ప్రతిసారీ ఫలితం చెబుతూ పోతే సాధనలో బాగా చేస్తారు, చెప్పడం ఆపగానే తడబడతారు. మంచి పీఈటీ ఆ వ్యాసం చదివి ఉండకపోవచ్చు. ఎప్పుడు ఊరుకోవాలో మాత్రం ఆయనకు తెలుసు.

ఫోను మీద నాకేం పగ లేదు. ఆట అయ్యాక బౌలింగ్ వేసే పిల్లాడికి వాడి మోచెయ్యి స్లో మోషన్‌లో చూపిస్తే మేలే. 2019లో వచ్చిన ఖేలో ఇండియా యాప్ పిల్లల శక్తిని కొలుస్తుంది, అదీ మంచిదే. కొలిచాక నేర్పేదెవరు? 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటిస్తే పీఈటీలవి 182. పైగా ఉన్న గేమ్స్ పీరియడ్‌నూ సిలబస్ పేరుతో లెక్కల సారు లాక్కుంటారు. రేపు బోర్డు మీద వీడియో పెట్టేస్తే ఆటల క్లాసూ అయిపోయినట్టే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే.