గోడకు కొట్టిన మేకు

 

ఈ నెల ఒక చిన్న వస్తువును గురించి వ్రాయదలిచాను. అది గోడకు కొట్టే మేకు. పూర్వం మన ఇండ్లలో దుస్తులకు చిలకకొయ్య, పాలు పెరుగులకు ఉట్టి, తడిబట్టలకు దండెం ఉండేవి. నేడు వాటి స్థానంలో హుక్కులు, స్టీలు కడ్డీలు, జిగురుతో అంటించే కొక్కేలు వచ్చాయి. పేర్లు మారాయి గాని పని మారలేదు. ఇంత అల్పమైన వస్తువు మూలంగా ఒకే వరుసలో నిలబడి నమాజు చేసే ఇద్దరు మనుషులు ఒకరికొకరు సలాం చెప్పుకోవడం మానివేశారంటే మీరు నమ్మగలరా? ఆ తగవును తీర్చే బాధ్యత నా మీద పడింది. అందులో నేను నేర్పినదానికంటె నేర్చుకున్నదే ఎక్కువ.

మేముండే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతం కిరాయిదారులకు పెట్టింది పేరు. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి రెండూ ఎల్.బి.నగర్ కూడలి వద్ద కలుస్తాయి. కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుండి చదువు కోసమో కొలువు కోసమో వచ్చేవారిలో చాలామంది ఇక్కడే ఇల్లు వెదకుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్ సందులు కోచింగ్ సెంటర్లతో, హాస్టళ్ళతో నిండి ఉంటాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడవనారంభించాక, దూరాన ఉద్యోగాలు చేసేవారికీ ఈ ప్రాంతం అనుకూలమైంది. ఇక్కడ ఒకే గోడకు కొన్నేండ్లలో ఎన్నో కుటుంబాలు తమ బట్టలు తగిలిస్తాయి. ఒక కుటుంబం కొట్టిన మేకు రంధ్రం తరువాతి కుటుంబానికి వారసత్వంగా మిగులుతుంది.

ఒకనాడు మగ్రిబ్ నమాజు తరువాత ఒక ఇంటి యజమాని నా వద్దకు వచ్చాడు. “మౌలానా! మూడేండ్లు ఇల్లిచ్చాను. గోడలను జల్లెడ చేసి పోయినాడు. లెక్కపెట్టాను, ముప్పైయొక్క రంధ్రాలు! అందుకే అడ్వాన్సులో తొమ్మిది వేలు పట్టుకున్నాను. అది నా హక్కు కాదా?” అన్నాడు. మరునాడు కిరాయిదారు వచ్చాడు. “హజ్రత్! మూడేండ్లలో ఒక్క నెల కిరాయి ఆలస్యం చేయలేదు. మేకులకు తొమ్మిది వేలా? ఇది జుల్మ్ కాదా?” అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ ఇంట్లోనే మాట్లాడుకుందామన్నాను.

గోడను గురించి, కొయ్యను గురించి మన దీన్‌లో ఏమున్నదో చాలామందికి తెలియదు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. పొరుగువాడు తన గోడలో కొయ్యను దిగవేసుకోదలిస్తే గోడ యజమాని అడ్డు చెప్పరాదని దైవప్రవక్త (స) బోధించారని దాని సారాంశం. అక్కడ కొయ్య అంటే ఇంటి కప్పును మోసే దూలం. ఈ మాట వినిపించినప్పుడు ఎదుట కూర్చున్నవారి ముఖాలు వాడిపోయాయట. తన గోడలో ఇతరుల దూలం అంటే ఎవరికి ఇష్టం? హజ్రత్ అబూ హురైరా (రజి) వారిని గట్టిగా మందలించారు. మీరు ముఖం తిప్పుకున్నా సరే, ఈ మాటను మీ భుజాల మధ్య మోపే తీరుతానన్నంత పట్టుదలతో చెప్పారు.

ఈ ఆదేశం తప్పనిసరియా, కేవలం అభిలషణీయమా అన్న విషయంలో ఇమాములు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. ఇమాం అహ్మద్ (రహ్మలై) దానిని విధిగా భావించారు. ఇమాం అబూ హనీఫా, ఇమాం మాలిక్ (రహ్మలై) దానిని ఉత్తమ ప్రవర్తనగా పరిగణించి, యజమాని అనుమతి ఉండాలన్నారు. కిరాయిదారు సంగతి వేరు. అతనికీ యజమానికీ మధ్య ఒప్పందం ఉంటుంది, దానినే చూడాలి. అయినా ఆ హదీసు తెలిపే స్వభావం అందరికీ వర్తిస్తుంది. గోడ నాదే, నిజమే. కాని నా గోడ వల్ల మరొకరి అవసరం తీరుతూ, నాకు నష్టం లేకపోతే, అక్కడ చేయి అడ్డుపెట్టడం విశ్వాసికి శోభించదు.

ఇక ఆ ఇంటికి వెళ్ళాము. గది గదికీ తిరిగి రంధ్రాలను చూశాము. చాలావరకు బట్టలకు, క్యాలెండరుకు, గడియారానికి కొట్టిన చిన్న మేకుల గుర్తులే. వంటింట్లో మాత్రం రెండు టైల్సు పగిలి ఉన్నాయి. వాటి మీద ఎవరో పూల స్టిక్కర్లు అంటించారు. కిరాయిదారు తలవంచుకున్నాడు. మేకు కొడుతుండగా టైలు పగిలిందనీ, చెప్పడానికి సంకోచించి స్టిక్కరు అంటించాననీ ఒప్పుకున్నాడు.

అప్పుడు తలుపు చాటు నుండి అతని భార్య మాట వినిపించింది. “మౌలానా గారూ! మేము వచ్చిన రోజున ఈ ఇంట్లో ఒక్క కొక్కెం కూడా లేదు. నా బురఖా ఎక్కడ తగిలించాలి? పిల్లల బడి సంచులు ఎక్కడ పెట్టాలి? తడి తువ్వాలు ఎక్కడ ఆరవేయాలి? అన్నీ నేల మీద పడవేసుకుని బ్రతకమంటారా?”

యజమాని వద్ద ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆయన రంగులకు, టైల్సుకు లక్షలు పోసి ఇల్లు కట్టించాడు. అందులో మనుషులు బట్టలు తగిలించుకుంటారన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

ఫిఖ్హ్‌లో ఒక నియమమున్నది. ఒప్పందంలో ప్రత్యేకంగా మాట్లాడుకోని విషయంలో లోకాచారమే షరతుతో సమానం. మేకులను గురించి వీరిద్దరూ ముందుగా ఏమీ మాట్లాడుకోలేదు. నివసించేవారు వస్తువులు తగిలించుకోవడం లోకాచారం. కనుక చిన్న మేకుల గుర్తులకు పరిహారం అడగడం సబబు కాదు. టైల్సు పగలడం ఆ ఆచారానికి మించిన నష్టం. కిరాయి ఇల్లు కిరాయిదారు చేతిలో అమానతు. అజాగ్రత్త వల్ల దానికి కలిగిన నష్టాన్ని పూడ్చడం అతని బాధ్యత. మేస్త్రీని పిలిపించి అడిగితే టైల్సుకు, కూలికి కలిపి రెండు వేల నాలుగు వందలన్నాడు. అంతవరకు మినహాయించుకొని మిగిలినది యజమాని తిరిగి ఇచ్చాడు. నష్టాన్ని దాచిపెట్టినందుకు కిరాయిదారు క్షమాపణ కోరాడు. పగిలిన టైలు కంటె దానిపై అంటించిన స్టిక్కరే పెద్ద తప్పని అతనికి చెప్పాను. పగలడం పొరపాటు, దాచడం మోసం. ఆ రాత్రి ఇషా నమాజులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

ఇటువంటి తగవులు ఇతర ఇండ్లలో రాకుండా ఉండేందుకు, ఆ మేస్త్రీ నుండి తెలుసుకున్న కొన్ని విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మొదటిది: పది మేకులకు బదులు ఒక కడ్డీ. స్టీలు కడ్డీని రెండు చివరల స్క్రూలతో బిగిస్తే, దానిపై ఇటూ అటూ జరిగే కొక్కేలను పదింటిని వ్రేలాడదీయవచ్చు. అవసరాన్నిబట్టి వాటిని దగ్గరకో దూరానికో జరుపుకోవచ్చు, తీసివేయవచ్చు. ఆ ఇంట్లో ముప్పైయొక్క రంధ్రాలు చేసిన పనిని మూడు నాలుగు కడ్డీలు చేసి ఉండేవి.

రెండవది: సుత్తితో నేరుగా మేకు కొడితే చుట్టూ ఉన్న ప్లాస్టరు పెచ్చులుగా రాలుతుంది. డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసి, మన మేస్త్రీలు గిట్టి అని పిలిచే ప్లాస్టిక్ గొట్టాన్ని దిగవేసి, అందులో స్క్రూ బిగించాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దానిని లాగివేసి, వాల్ పుట్టీతో పూడ్చి, ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్ది, కాస్త రంగు పూస్తే గుర్తు దాదాపు కనిపించదు.

మూడవది: స్విచ్చిబోర్డుకు సరిగ్గా పైన గాని క్రింద గాని రంధ్రం చేయరాదు. విద్యుత్తు తీగల గొట్టాలు సాధారణంగా ఆ వరుసలోనే గోడలోపల దిగుతాయి. స్నానాల గదిలో, వంటింట్లో కుళాయిలున్న వరుసలోనూ అంతే. అక్కడ నీటి గొట్టాలుంటాయి. ఇది ప్రాణాలకు, పొరుగువారి గోడలకు సంబంధించిన జాగ్రత్త.

నాలుగవది: జిగురు కొక్కేలు నున్నని టైలు, గాజు, ఉక్కు బీరువా మీద బాగా నిలుస్తాయి. సున్నం, డిస్టెంపరు వేసిన గోడ మీద నిలవవు, ఊడినప్పుడు రంగు పొరను కూడా ఊడదీస్తాయి. అంటించే ముందు నూనె మరకను, ధూళిని పూర్తిగా తుడవాలి. అంటించాక ఒక రోజు ఆగి బరువు వేయాలి. దాని మీద వ్రాసి ఉన్న బరువును మించరాదు.

ఐదవది: తలుపు పైఅంచుకు తగిలించే కొక్కేల పట్టీకి రంధ్రమే అక్కరలేదు. కిరాయిదారులకు, హాస్టలు విద్యార్థులకు ఇది అన్నిటికంటె సులువు.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటున్నది. ఇంట్లో దిగే రోజుననే ఎక్కడ, ఎన్ని, ఎలా బిగించుకోవచ్చో ఇరువురూ మాట్లాడుకొని కాగితం మీద పెట్టుకోవాలి. గోడల ఫోటోలు తీసి ఇద్దరూ ఉంచుకోవాలి. వ్రాతపూర్వకమైన ఒప్పందం అపనమ్మకానికి గుర్తు కాదు, నమ్మకాన్ని కాపాడే కంచె.

కొన్ని వారాల తరువాత ఆ యజమాని నన్ను పిలిచాడు. కొత్త కిరాయిదారులు రాకముందే ప్రతి గదిలో ఒక కడ్డీ బిగించాడు. సంతోషంగా చూపించాడు. నేనూ సంతోషించాను. కాని కడ్డీ ఎత్తును చూసి ఒక్క మాట అన్నాను. “భాయి! ఇది మీ చేతికి అందుతుంది. ఈ ఇంటికి రాబోయే అమ్మీకి, దాదీకి అందుతుందా?”

ఆ మాట అనే అర్హత నాకు లేదని నా మనస్సుకు తెలుసు. కొన్నేండ్ల క్రితం మా ఇంట్లో జానమాజులు తగిలించేందుకు నేనే ఒక కొక్కెం బిగించాను. నా ఎత్తుకు తగినట్లు బిగించాను. మా అమ్మ అప్పటికే నడుము వంగిన మనిషి. ఒకనాడు నాకు తహజ్జుద్ వేళ మెలకువ వచ్చింది. చూస్తే అమ్మ మడతపెట్టిన దుప్పటి మీద నమాజు చేస్తున్నది. సలాం చెప్పిన తరువాత అడిగాను, “జానమాజు ఉండగా దుప్పటి ఎందుకమ్మా?” అని. “అందడం లేదు నాయనా. నిద్రపోయేవాడిని లేపడం ఎందుకని...” అన్నది. ఎన్నాళ్ళుగా అని అడిగితే, చలికాలం నుండి అన్నది. అప్పుడు వేసవి నడుస్తున్నది.

నేను మదరసాలో పిల్లలకు తల్లిదండ్రుల హక్కులను బోధిస్తాను. ఆ పాఠం నాకు కంఠస్థం. కాని నా చేతితో నేను బిగించిన కొక్కెం మా అమ్మకు అందడం లేదని నెలల తరబడి నాకు తెలియలేదు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చిన్నతనంలో తమ పినతల్లి, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి) గారి ఇంట్లో ఒక రాత్రి గడిపారు. ఆ రాత్రి దైవప్రవక్త (స) నిద్రలేచి, వ్రేలాడుతున్న పాత తోలు తిత్తి నుండి నీరు తీసుకొని వుజూ చేశారని ఆయన తెలిపారు. ఈ హదీసును నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. ఆ తిత్తి ఏ ఎత్తులో వ్రేలాడుతున్నదన్న ఆలోచన మాత్రం ఆ రాత్రి వరకు నాకు రాలేదు. నడిరాత్రి లేచినవారు ఎవరినీ లేపకుండా అందుకోగలిగితేనే కదా దానివల్ల ప్రయోజనం!

తెల్లవారగానే ఆ కొక్కేన్ని అమ్మ భుజమంత ఎత్తుకు దించి బిగించాను. తరువాత బాల్కనీలోని దండెం తీసివేసి, తాడు లాగితే క్రిందికి దిగివచ్చే కడ్డీలను పైకప్పుకు అమర్చాము. బట్టలు ఆరవేయడానికి ఇంట్లో ఎవరూ స్టూలు ఎక్కనవసరం లేకుండా పోయింది. మా అమ్మ ఇప్పుడు లేదు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక. ఆ కొక్కెం అక్కడే, ఆ ఎత్తులోనే ఉన్నది. మనుమలు తమ టోపీలు దానికి తగిలిస్తారు.

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందా అని మన తెలుగు సామెత. ఇతరుల చేతగానితనాన్ని ఎత్తిచూపడానికి దానిని వాడుతుంటాము. కాని ఆ ఉట్టిని అంత ఎత్తున కట్టినవాడెవడు అని ఎవరూ అడగరు. ఈ రోజు మీ ఇంట్లో ఒకసారి చూడండి. ప్రతి కొక్కెం, ప్రతి కడ్డీ ఎవరి చేతికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు? అందనివారు అడగరు, ఏ దుప్పటితోనో సర్దుకుంటారు. వారు అడగకముందే దానిని దించి బిగించండి. కిరాయి ఇల్లయితే, యజమానికి ఒక్క మాట చెప్పి బిగించండి.

గోడ విషయంలోనూ, గోడల మధ్య నివసించేవారి విషయంలోనూ న్యాయంగా ప్రవర్తించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.