అప్పు యజమానిది, ఆట ప్రజలది

2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు ఊరు విడిచి ఢిల్లీకి తరలిపోయినది. పేరును గూడ మార్చుకొని నేడది "స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ"గా నున్నది. 2019లో పుట్టి, మూడవ సీజనులోనే ఇండియన్ సూపర్ లీగు కప్పును గెలిచి, పిమ్మట బకాయిలతోను ఓటములతోను క్రుంగి, తుదకు పుట్టినచోట నిలువ నీడ లేక వెడలిపోయిన యీ సంఘముయొక్క కథను కేవలము క్రీడావార్తగా నెంచి పుట త్రిప్పివేయుట తగదని మేము తలంచుచున్నాము. ఇందులో నొక ధర్మప్రశ్న యిమిడియున్నది. ఒక యూరి పేరు పెట్టుకొని, ఆ యూరిజనుల యుత్సాహమే మూలధనముగా నడచు సంఘమునకు నిజమైన స్వామి యెవడు? కాగితముపై వాటాలు గలవాడా, లేక పందెమున్న ప్రతిదినమును వచ్చి గొంతెండునట్లు కేకలు వేసినవాడా?

ముందుగా జరిగినదానిని చిత్తగింపవలసినదిగా పాఠకులను గోరుచున్నాము. 2019లో పూనా నగరపు క్లబ్బు ధనము చాలక మూతపడగా, లీగులో నేర్పడిన యా ఖాళీలో హైదరాబాదు క్లబ్బు ప్రవేశించినది. మొదటి సీజనున పదునెనిమిది పందెములలో రెండింట మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచినది. 2020లో స్పెయిను దేశీయుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చెను. దేశీయులైన యువకులను నమ్మి ఆడించుట ఆయన పద్ధతి. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్స్ జట్టుతో జరిగిన తుదిపందెములో, ఒక గోలు వెనుకబడియుండియు 88వ నిమిషమున సరిచేసి, పెనాల్టీలలో మూడింటిని గోలుకీపరు కట్టిమని ఆపగా, హైదరాబాదు కప్పును చేజిక్కించుకొన్నది. మరుసటి సీజనున లీగులో రెండవ స్థానమున నిలిచినది.

అంతటితో వెలుగు ముగిసినది. 2023లో శిక్షకుడు వెడలిపోయెను. జీతములు సకాలమున నందలేదని ఆటగాండ్రును సిబ్బందియు మొఱవెట్టుకొనిరి. బకాయిల వివాదములపై అంతర్జాతీయ సమాఖ్యయైన ఫీఫా, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని నిషేధము విధించెను. విదేశీయులును, పేరుగల దేశీయులును ఒక్కరొక్కరుగా వీడిపోగా, మిగిలిన కుఱ్ఱవాండ్రు 2023-24 సీజనున ఇరువదిరెండు పందెము లాడి ఒక్కదానిలో గెలిచిరి. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసికొన్నది. మరుసటి సీజనున పదుమూడు జట్లలో పండ్రెండవ స్థానము లభించినది. దాని పిమ్మట వలస. ఓడిన కుఱ్ఱవాండ్రను మేము నిందింపము. జీతమెప్పుడు వచ్చునో తెలియక, ప్రక్కనాడినవాడు రేపుండునో లేదో యెఱుగక, ఎదుటిజట్టు బలమునకు ఛాతీ నొడ్డి నిలిచినవారు వారు. అపజయము మైదానములో బయటపడినది గాని, పుట్టినది లెక్కలగదిలో.

ఇట్టిది హైదరాబాదునకు మొదటిసారి కాదు. క్రికెట్టులో డెక్కన్ ఛార్జర్స్ జట్టు 2008లో ఐ.పి.యల్. పట్టికలో అట్టడుగున నుండి, 2009లో విజేతయై, 2012లో అంతర్ధానమైనది. యజమాని కంపెనీ అప్పులలో మునుగగా, క్రికెట్టు బోర్డు ఆ సంవత్సరము సెప్టెంబరులో ఒడంబడికను రద్దుచేసెను. ఆ రద్దుపై వ్యాజ్యము ఏండ్లతరబడి నడచినది. విచిత్ర మేమనగా, ఎన్నికల కారణమున 2009లో ఆ పందెములన్నియు దక్షిణాఫ్రికాలో జరిగినవి. కరోనా కారణమున 2021-22లో ఫుట్‌బాలు పందెములన్నియు గోవాలో జరిగినవి. రెండు జట్లును కప్పు గెలిచిన సీజనున హైదరాబాదులో ఒక్క పందెమైన నాడలేదు. కప్పు గెలిచిన ఆటను ముంగిట జూచు భాగ్యము అభిమానికి దక్కలేదు. అయినను అతడు వచ్చెను. ఆ రాకకు విలువ గట్టగల గణకు డెవడును లేడు. కనుకనే కాబోలు, అమ్మకపు పత్రములలో దాని ప్రస్తావనయే యుండదు.

క్రికెట్టులో వేఱొక ధనికుడు అదే నగరమున క్రొత్తజట్టును నిలిపెను. ఫుట్‌బాలునకు ఆ భాగ్యము లేదు. ఈ నగర మెట్టిదో మఱచిన జాతికి ఈ నష్టము కానరాదు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులలో నాల్గవ స్థానమును సాధించెను. ఆ జట్లలో హైదరాబాదు వీధులలో ఆడి పెరిగినవారు పలువురు. 1963లో ఆయన కాలధర్మము నొందునాటికి ఆ నగరమునకు కోట్లు విలువచేయు క్లబ్బు లేదు; ఆట యుండెను. నేడు కోట్ల లావాదేవీలు జరిగినవి, క్లబ్బు లేదు.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి దీనితో నేమి పని యని ప్రశ్నించువారుందురు. కృష్ణకు దక్షిణమున మన ప్రత్తినేలలో ఈ లీగున కెక్కిన క్లబ్బొకటియు లేదు, నిజమే. కాని, ఊరుమ్మడి వేడుక యనగా నేమో మనవారి కెవరును నేర్పనక్కఱలేదు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు గట్టుకొని పోవు గ్రామములను జూడుడు. చందాలు వేసికొనునది ఊరు. వెదురు తెచ్చునది, ప్రభను కట్టునది, త్రాళ్లు పట్టి నిలిపి నడిపించునది ఊరు. అందఱికంటె నెక్కువ చందా యిచ్చిన మోతుబరి నడిత్రోవలో నిలిచి, "ఖర్చులో అధికభాగము నాది గనుక ఈ ప్రభను వేఱొక యూరి కమ్మితిని" అనినచో గ్రామము సహించునా? ఆయన యౌదార్యమును మెచ్చుకొనును. మొదటి కొబ్బరికాయ ఆయనచేత కొట్టించును. కాని ప్రభను మాత్ర మీయదు. ఈ పాటి న్యాయము కొండక్రింద నున్నప్పుడు, లీగు కార్యాలయమున నేల లేదని మా ప్రశ్న.

ఇక అప్పు సంగతి. అప్పు చేయుట పాపము కాదు; విత్తునాటికి అప్పు చేయని రైతు మన మిరపనేలలో నెందఱు? కాని చేసినవా డొకడు, తీర్చువాడు వేఱొకడు నగుట అన్యాయము. ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు కథ ప్రసిద్ధము. 2005లో అమెరికాకు జెందిన గ్లేజరు కుటుంబము దానిని కొనినపుడు, కొనుటకు తెచ్చిన ఋణములో పెద్దభాగమును క్లబ్బుమీదనే మోపిరి. అనగా, పరుల సొమ్ముతో పొలము కొని, ఆ పొలమునే తాకట్టు పెట్టి, కౌలుదారు పండించిన పంటతో వడ్డీ కట్టించిన చందము. టిక్కెట్టు కొన్న ప్రతివాడును ఆ వడ్డీలో పాలివాడయ్యెను. అభిమానులు ఏండ్లతరబడి నిరసనలు సల్పుచునే యున్నారు. హైదరాబాదున జరిగినది సరిగా నదియే యని మేము చెప్పము. అచట మూలధనము చాలకపోవుట వ్యాధి. కాని రెండుచోట్లను తుదిభార మొక్కరిపైననే పడినది: నిర్ణయములో పాలులేనివారిపై.

యజమానుల పక్షమునను ఒక మాట కలదు. దానిని దాచుట పత్రికాధర్మము కాదు. మనదేశమున ఫుట్‌బాలు క్లబ్బు లాభమిచ్చు వ్యాపారము కాదు. టిక్కెట్లవలన వచ్చునది స్వల్పము, ఖర్చు కోట్లలో. ఎవరో సాహసించి ధనము పెట్టనిచో 2022 నాటి కప్పు వచ్చెడిది కాదు. "నష్టము మాది, నింద మాకేల?" యని వారడుగవచ్చును. ఈ మాటలో నిజము లేకపోలేదు. సాహసించినవారికి కృతజ్ఞత చెల్లింపవలసినదే. కాని నష్టము వారిదే యైనచో జీతములేల బకాయిపడెను? లోతెఱుగక ఏటిలో దిగినవాని సాహసమును మెచ్చవచ్చును. వాని భుజముపై పసివా డున్నప్పుడు ముందుగా లోతు చూడుమని చెప్పుట మెచ్చుకోలుకంటె అవసరము. ఆ లోతు చూడవలసినవారు లీగు నిర్వాహకులు. ప్రవేశమునాడు చూచినచో, నాలుగేండ్లకు ఫీఫా వచ్చి తలుపు తట్టవలసిన పని యుండెడిది కాదు.

అభిమానులు నిస్సహాయులా? కారని చెప్పుటకు దూరదేశపు నిదర్శన మొకటి, మన ముంగిటి నిదర్శన మొకటి కలవు. లండనులోని వింబుల్డన్ క్లబ్బును యజమానులు మిల్టన్ కీన్సు పట్టణమునకు తరలించుటకు 2002లో అనుమతి లభింపగా, అభిమానులు తమ క్లబ్బును తామే స్థాపించుకొని అడుగుమెట్టునుండి ఆరంభించిరి. తొమ్మిదేండ్లలో, అనగా 2011లో, దానిని ఇంగ్లండు లీగులో చేర్చిరి. నేటికిని అది అధికాంశము అభిమానులదే. ఈ వృత్తాంతము వినగా మనకు చీరాల జ్ఞప్తికి వచ్చుట సహజము. 1921లో, తమ సమ్మతి లేక తమపై రుద్దిన పురపాలక సంఘమును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు ఇండ్లువాకిండ్లు విడిచి, రామనగర్ నిర్మించుకొని, నెలలతరబడి పాకలలో నివసించిరి. తుదకు తిరిగి రావలసివచ్చినను వారొక సత్యమును స్థాపించిరి: ఊరనగా గోడలు గావు, జనులు. క్లబ్బనగా లైసెన్సు కాదు, దాని జనులు. స్వరాజ్యమునకును సాకరునకును పోలిక తెచ్చుట అతిశయోక్తి యనువారికి మా సమాధాన మిది: సమ్మతి లేని పెత్తనము చిన్నదైనను పెద్దదైనను ఒకే జాతికి జెందినది.

కనుక ఏమి చేయవలెను? 2025లో పార్లమెంటు జాతీయ క్రీడాపరిపాలన చట్టమును చేసెను. అది ముఖ్యముగా క్రీడాసమాఖ్యల నుద్దేశించినది. క్లబ్బుల యజమానుల విషయమున ఇంకను చేయవలసినది చాలగలదు. మేము కోరునవి నాలుగు. మొదటిది, సీజను ప్రారంభమునకు ముందే ఆటగాండ్ర, సిబ్బంది జీతములకు సరిపడు సొమ్మును బ్యాంకులో వేఱుగా డిపాజిటు చేయనిదే ఏ క్లబ్బునకును ప్రవేశ మీయరాదు. రెండవది, ప్రతి క్లబ్బును తన యాయవ్యయములను, అప్పులను ఏటేట ప్రజలయెదుట ప్రకటింపవలెను. మూడవది, సభ్యత్వము గల అభిమానుల సమ్మతి లేక ఊరుగాని పేరుగాని మార్చుటకు వీలుండరాదు. నాల్గవది, క్లబ్బు పాలకవర్గమున అభిమానుల ప్రతినిధికి స్థానము, వోటు ఉండవలెను. జర్మనీలో 1998 నుండి నడచుచున్న నియమము దీనికంటెను ముందున్నది. అచట కొన్ని మినహాయింపులు దక్క, పెట్టుబడిదారు డెంత ధనము దెచ్చినను వోట్లలో సగముకంటె నొకటి యెక్కువ సభ్యులయొద్దనే నిలుచును. అట్లుండియు అచట ధనికులు పారిపోలేదు, ఆట చెడలేదు.

మన జిల్లాలలోని ధనవంతులకు, విద్యావంతులకు ఒక విన్నపము. ప్రత్తిలోను, మిరపలోను, పొగాకులోను, పట్టణవ్యాపారములలోను ఆర్జించిన ధనము నేడు క్రీడలవైపు చూచుచున్నది. ఇది సంతోషదాయకము. రేపు మీలో నెవరైన ఒక జట్టును పెట్టదలచినచో, దానిని మీ సొత్తుగా గాక ఊరికిచ్చిన ధర్మసత్రముగా భావింపుడు. సత్రము గట్టినవాని పేరు రాతిపై నిలుచును. బాటసారి నర్ధరాత్రి వెళ్లగొట్టు హక్కు మాత్రము వానికుండదు. అంతటి ధనము లేనివారు పది, నూఱు రూపాయల సభ్యత్వముతోనే తమ యూరి బడిమైదానమున నొక క్లబ్బు నారంభింపవచ్చును. బడిపంతులు రహీం ప్రారంభము దీనికంటె గొప్పది కాదు.

హైదరాబాదు అభిమానుల క్రోధము ఓటమివలన గలిగినది కాదు. అట్టడుగున నున్న మొదటి సీజనునను వారు విడువలేదు. తమ్ము నడుగక తమదానిని అమ్ముకొన్నారన్నదే వారి బాధ. ఆ బాధకు చట్టమున చోటు గల్పించువఱకు, గచ్చిబౌలి మైదానమునకు క్రొత్తజట్టు రావచ్చును, క్రొత్తపేరు రావచ్చును, క్రొత్తకప్పును రావచ్చును. నమ్మకము మాత్రము రాదు.