గృహిణీ ప్రసంగము: పాత మోటారు ఇల్లు



గడచిన మాసములలో మేము ప్రసంగవశమున మా "చక్రముల యింటి"ని పేర్కొనగా, అమెరికాలో కాపురమున్న సోదరీమణులు కొందఱు జాబులు వ్రాసిరి. "పాతది కొనవచ్చునా? కొనిన పిదప భరింపవచ్చునా? ఏటికి నాలుగైదు మారులు మాత్రమే పోవువారికి అది లాభమా, గుదిబండయా?" అని వారి ప్రశ్నలు. మేము చేసిన తప్పులను దాచక, పెట్టిన ఖర్చును తగ్గింపక, తెలిసినంతవఱకు విన్నవించుచున్నాము.

మేము టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు చేరువ నుందుము. మావారు పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింతురు. ఉపాధ్యాయుని యింట ధనము కొలదిగాను, సెలవులు పుష్కలముగాను ఉండునని మీకు చెప్పనక్కఱలేదు. మా అత్తగారు గోదావరీతీరమువారు. పరుల వంట ముట్టరు. 2019లో వారు మొదటిమారు వచ్చినపుడు రెండు దినముల కారు ప్రయాణమున అరటిపండ్లతోను మజ్జిగతోను కాలము గడపిరి. మోకాళ్ల నొప్పిచే దారిలోని విశ్రాంతిగృహముల కడ దిగి నడచుటకు గూడ బాధపడిరి. "నన్నింక నెక్కడికిని తీసికొనిపోకుడు" అని వారన్న మాట మా మనసున నాటుకొనెను. 2023లో మరల వత్తునని వారు తెలిపినపుడు, వంటిల్లును స్నానపుగదియు వెంటవచ్చు బండి యొకటి కొందమని తలచితిమి. క్రొత్తవాని వెలలు మాకు అందనివి. అమ్మాయి కళాశాల చదువునకు దాచిన సొమ్ములోనుండి కొంత తీసి పాతది కొనుటకు నిశ్చయించితిమి. ఆ సొమ్ము ఎవరిదో యెఱిగియే తీసితిమి గనుక, ప్రతి డాలరును వ్రాసి యుంచితిమి.

ఈ బండ్లు మూడు తరగతులు. బస్సువలె నుండు పెద్దవి ఏ తరగతి. వ్యానునే యిల్లుగా మార్చినవి బి తరగతి. ముందుభాగము వ్యానుగా నుండి, తోలువాని నెత్తిపై నొక పడక యటుకవలె ముందునకు సాగియుండునవి సి తరగతి. కుటుంబములకు సాధారణముగా సి తరగతి అనువైనది. మేము వెదకినదియు నదియే.

నలోపాఖ్యానమున బాహుకుడు బక్కపలుచని గుఱ్ఱములను ఏఱుకొనగా ఋతుపర్ణుడు శంకించెను గదా. బాహుకుడు బలిసిన మేనులను చూడలేదు, లక్షణములను చూచెను. పాత బండి కొనువారికి ఆ కథ గొప్ప పాఠము. మేము మొదట ఒక వ్యాపారి వద్ద చూచిన బండి తెల్లగా మెఱయుచుండెను. లోపల క్రొత్త తివాసి, క్రొత్త తెరలు, పూల పరిమళము. మావారు ఇంజనును వినుచుండగా, మేము పై పడక నెక్కి మూలను బొటనవ్రేలితో నొత్తితిమి. గోడ తడిసిన అట్టవలె లోనికి దిగెను. ఆ పరిమళము మాటున ముక్కవాసన గలదు. ఈ బండ్ల గోడలలో పెక్కింట కొయ్యచట్రముండును. పైకప్పునకు సాధారణముగా రబ్బరు దుప్పటియో, తత్సమానమైనదియో పఱచి, గాలికిటికీల చుట్టును కీళ్ల వెంటను మైనమువంటి పూతను పూయుదురు. ఆ పూత పగిలినచో వాననీరు సడిలేక దిగి కొయ్యను కుళ్లించును. సి తరగతి బండ్లలో ముందు పడక మూలలు నీరు చేరుటకు పేరుపడిన చోట్లు. ఇంజను చెడినచో మఱమ్మతు చేయవచ్చును. చట్రము కుళ్లినచో నడిగిన ఖర్చునకు మేర యుండదు. మేము నమస్కరించి వెడలి వచ్చితిమి.

రెండవ బండి వృద్ధ దంపతులది. 2005వ యేటిది, 24 అడుగుల పొడవు, నడచినది 46,000 మైళ్లు. తెరలు వెలసినవి, తివాసి చిరిగినది. కాని మూలలు గట్టిగా నుండెను. పెద్దాయన పదునెనిమిదేండ్ల మఱమ్మతులనన్నిటిని ఒక పుస్తకమున వ్రాసి యుంచిరి. ఏటికి రెండు మారులు పైకప్పు నెక్కి పూత చూచినట్లు తేదీలు గలవు. ఆ పుస్తకమును చూచియే మేము బండిని కొంటిమి. వెల 19,000 డాలర్లు. టెక్సాసులో బండి కొనుటపై పన్ను నూటికి ఆఱుంబావు గనుక 1,187 డాలర్ల 50 సెంట్లు అదనము. బండిపై కొట్టియున్న సంఖ్యయు హక్కుపత్రములోని సంఖ్యయు నొకటియేనా, దానిపై అప్పేమైన నున్నదా యని చూచిన పిదపనే సొమ్మిచ్చితిమి. ఈ రాష్ట్రమున 2025 జనవరి 1 నుండి వ్యాపారమునకు వాడని వాహనములకు ఏటేటి భద్రతాపరీక్ష తీసివేయబడినది. కావున ఇపుడు ఇక్కడ కొనువారు బ్రేకులను, దీపములను తామే పరీక్ష చేయించుకొనవలెను.

టైర్ల విషయమున మేము మోసపోవుదుమేమో యనునంతలో తప్పించుకొంటిమి. గాళ్లు లోతుగా నుండుటచే అవి క్రొత్తవని సంతసించితిమి. మావారి సహోపాధ్యాయు డొకరు ప్రక్కనున్న అక్షరములు చదువుడనిరి. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. మావాటిపై 2312 అని యుండెను. అనగా 2012వ యేటి యిరువదిమూడవ వారము. ఈ బండ్లు తిరుగుట తక్కువ, నిలిచియుండుట యెక్కువ. కావున గాళ్లు అరుగకమునుపే ఎండకు రబ్బరు జీవము తఱుగును. వెనుక జంటచక్రములు గనుక టైర్లు మొత్తము ఆఱు. ఆఱును మార్పించితిమి.

ఇక లోపలి సంసారము. నీటితొట్లు మూడు: మంచినీటికొకటి, వంటపాత్రలు కడిగిన నీటికొకటి, మరుగుదొడ్డికొకటి. నిండిన తొట్లను అందులకై యేర్పఱచిన చోట్లనే గొట్టము తగిలించి వదలవలెను. మొదట మరుగుదొడ్డి తొట్టిని, పిదప కడుగునీటి తొట్టిని వదలినచో గొట్టము కొంత శుభ్రపడును. శీతలపెట్టె మన యింటిదానివంటిది కాదు. అమ్మోనియా ద్రవమును వేడిచేసి చలువ పుట్టించునది. గ్యాసుతోగాని కరెంటుతోగాని నడచును. బండి సమతలమున నిలువనిచో చెడును. మా బండికి 30 ఆంపియర్ల కరెంటు. చలువయంత్రము నడచుచుండగా మైక్రోవేవును గూడ నడపినచో మీట పడిపోవును. తాలింపు వేయునపుడు గాలికిటికీ తెఱచి పంకా నడపుట మఱవరాదు. మఱచినచో ఎండుమిరప ఘాటునకు పొగగంట మ్రోగి ప్రక్క బండ్లవారు పరుగెత్తుకొని వత్తురు. మాకది రెండు మారులు జరిగినది.

మంచినీటి తొట్టి 40 గాలనులు. మా పిల్లలు మొదటి ప్రయాణమున దానిని ఒక్క దినములో ఖాళీచేసిరి. అత్తగారు వచ్చిన పిదప అదే నీరు అందఱకు నాలుగు దినములు వచ్చెను. చిన్ననాట నూతినుండి తోడుకొనిన చేయి వారిది. చెంబుతో స్నానము, బియ్యము కడిగిన నీటితో పాత్రల తొలికడుగు, కొళాయి విప్పి వదలుట యన్నది లేదు. మేము చదివిన సూచనల పుస్తకములన్నిటికంటె వారి చెంబే మాకు మేలుచేసినది.

ఇప్పుడు ముఖ్యవిషయము చెప్పవలెను. బండిలో గ్యాసును, బొగ్గుపులుసు వాయువునకు చెల్లెలైన కార్బను మోనాక్సైడును కనిపెట్టు గంట యొకటి నేలకు చేరువ గోడకు బిగించియుండెను. దానిపై పచ్చదీపము వెలుగుచుండెను. మీట నొక్కగా మ్రోగెను. "బాగుగనే యున్నది" అని మావారనిరి. ఇంటి మందుసీసాల తేదీలు చూచు అలవాటుచే మేము దానిని విప్పి వెనుక చూచితిమి. దాని ఆయువు తీఱి యెనిమిదేండ్లాయెను. ఆ మీట గంట మ్రోగుచున్నదా లేదా యని మాత్రమే తెలుపును. విషవాయువును పసిగట్టు శక్తి మిగిలియున్నదో లేదో తెలుపదు. టైర్లకు, బ్యాటరీలకు ఇదివఱకే ఖర్చాయెను గనుక మావారు వచ్చు నెల చూతమనిరి. మేము మాత్రము ఆ దినమే క్రొత్తవి రెండు తెప్పించి, ఒకటి ఆ చోటను, ఒకటి పడకల కడను పెట్టించితిమి. ఖర్చు 150 డాలర్లు.

2023 నవంబరులో, కృతజ్ఞతా దినపు సెలవులలో, అమరిల్లో పట్టణమునకు చేరువ నున్న పాలో డ్యూరో లోయకు పోయితిమి. ఆ దేశమున పెద్ద లోయలలో రెండవది. సుమారు 120 మైళ్ల పొడవు. ఎఱ్ఱని రాతిగోడల నడుమ ఏటవాలు బాటను, గేరు తగ్గించి, మెల్లగా అడుగునకు దిగితిమి. అత్తగారు కిటికీకడ కూర్చుండి, చేతిలో తమ యింటి పెసరపప్పు, చారన్నము పళ్లెముతో, ఆ గోడలపై సంధ్యకాంతిని చూచి, "నా జన్మలో చూడననుకొంటిని" అనిరి. మా సొమ్ముకు అప్పుడే ఫలము దక్కినదని తలచితిమి.

ఆ రాత్రి చలి మిక్కుటమాయెను. గ్యాసుతో మండు వేడిపొయ్యిని నడుపుచు నిద్రించితిమి. రెండు గంటల వేళ క్రొత్త గంట నాలుగేసి కూతలుగా మొఱపెట్టసాగెను. మావారు నిద్రమత్తులో తాలింపుపొగ యనుకొనిరట! మేము పిల్లలను లేపి, అత్తగారిని పట్టుకొని దింపి, అందఱము దుప్పట్లతో బయటకు వచ్చితిమి. వారికి తలనొప్పియు తూలుటయు కలిగియుండెను. వారి పడక పొయ్యికి మిక్కిలి దగ్గఱ. 911నకు ఫోను చేయగా అగ్నిమాపకులు వచ్చి, గ్యాసు మూసి, కొలిచి చూచి, పొయ్యి లోపలి ఇనుపగది త్రుప్పుపట్టి పగిలినదనిరి. బయటకు పోవలసిన విషవాయువు ఆ పగులునుండి లోనికి వచ్చినది. దానికి రంగు లేదు, వాసన లేదు. చల్లనిగాలిలో వారి తలనొప్పి తగ్గెను. వైద్యసేవకులు చూచి భయము లేదనిరి.

తెల్లవాఱినపుడు అత్తగారు కాఫీ త్రాగుచు, "అమ్మాయీ, వాడు పచ్చదీపము చూచినాడు, నీవు వెనుక తేదీ చూచినావు" అని మాత్రమనిరి. పాఠశాలలో ఆ వాయువును గూర్చి పదునైదేండ్లుగా పాఠము చెప్పుచున్న మావారు తలవంచుకొనిరి. మేమును గర్వింపలేదు, గంటను మార్చితిమేగాని, పద్దెనిమిదేండ్ల పొయ్యిని విప్పించి చూపవలెనని మాకును తోచలేదు. గంట మనలను లేపును. పొయ్యి మంచిదగునట్లు చేయదు.

లెక్క చెప్పుదుము. మొదటి యేట టైర్లకు 1,150; బ్యాటరీలకు 260; పైకప్పు పూతకు 140; గంటలకు 150; క్రొత్త పొయ్యికి 1,100; మొత్తము 2,800 డాలర్లు. మా వీథిలో ఇట్టి బండిని నిలుపనీయరు గనుక నిలుపుచోటికి నెలకు 90 చొప్పున 1,080, భీమాకు 620. అన్నియు గలిపి 4,500. ఆ యేట మేము అందు నిద్రించినవి 22 రాత్రులు. అనగా బండి వెల, పెట్రోలు, బస రుసుము గాక, రాత్రికి రమారమి 204 డాలర్లు! గాలనుకు ఎనిమిది తొమ్మిది మైళ్లే నడచును గనుక పాలో డ్యూరోకు పోయి వచ్చుటకే సుమారు 90 గాలనులాయెను. శుభ్రమైన హోటలు గది యింతకంటె చౌక. రెండవ యేట మఱమ్మతులు 500 మాత్రమే. 26 రాత్రులకు రాత్రికి 85 పడినది. ధనము మిగులునని మాత్రము ఎవరును పాత మోటారు ఇల్లు కొనరాదు.

మఱి యెవరు కొనవచ్చును? ఇంటి వంట విడువలేని పెద్దలు, మాటిమాటికి స్నానపుగది కావలసినవారు, చంటిబిడ్డలు గల యిండ్లవారు కొనవచ్చును. అదియును ముందుగా రెండు రాత్రులకు అద్దెకు తీసికొని చూచిన పిదప. కొనునపుడు వెలలో నాల్గవవంతు సొమ్ము మఱమ్మతులకు వేఱుగా నుంచుకొనుడు. మొదటి మాసముననే గ్యాసుపొయ్యిలను, గొట్టములను తెలిసినవానిచేత పరీక్ష చేయించుడు. గంటల వెనుక తేదీ చూడుడు. చలికాలమున బండిని వాడనిచో గొట్టములలోని నీరు తీసివేసి, అందులకై అమ్ము గులాబిరంగు ద్రవము నింపుడు. లేనిచో నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. ఏటికి రెండు మారులు పైకప్పు చూచి, ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు.

ఆ వృద్ధుల పుస్తకమున మిగిలిన పుటలలో మేము వ్రాయుచున్నాము. వారి చివరి పంక్తి పైకప్పు పూత. మా మొదటి పంక్తి గంటల తేదీ. అత్తగారు గోదావరికి తిరిగిపోయిరి. ఆదివారము ఫోనులో మనుమల క్షేమమడిగిన పిదప, "బండికి పొయ్యి చూపించినారా?" అని తప్పక అడుగుదురు. ప్రతి శరత్కాలమునను చూపించితిమని మేము చెప్పుదుము. అట్లు చెప్పుటకై చూపించుచునే యున్నాము.