అడుగనిదే ఫార్మాట్ చేయరాదు

డీటీపీ సెంటర్ల యజమానులకును, ఫోటో స్టూడియోల వారికిని, కళాశాలల కంప్యూటర్ ల్యాబుల బాధ్యులకును, పెన్‌డ్రైవును జేబులో నుంచుకొని తిరుగు విద్యార్థులకును విన్నపము.

గత మాసమున మా పట్టణములోని ఒక డీటీపీ సెంటరునకు పరిశోధక విద్యార్థిని యొకతె తన సిద్ధాంతగ్రంథమును అచ్చు తీయించుకొనుటకై పెన్‌డ్రైవుతో వెళ్లినది. ఆ డ్రైవు ఆమె చదువు విశ్వవిద్యాలయములోని లినక్స్ కంప్యూటరుపై ఈఎక్స్‌టీ4 అను ఫైల్ సిస్టమ్ పద్ధతిని ఫార్మాట్ చేయబడినది, దుకాణములోనిది విండోస్. ఆ పద్ధతిని చదువనేరని విండోస్, డ్రైవును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెనని తెరపై ఆదేశించినది. ఆదేశములను పాటించుటకు అలవాటుపడిన ఆపరేటరు, ఎదుట నిలుచున్న ఆమెను ఒక్కమాటయైన అడుగక, నొక్కవలసినదెల్ల నొక్కినాడు. గ్రంథముతోపాటు, ఊరూర తిరిగి వృద్ధులైన నేతకార్మికుల నోట ఆమె రికార్డు చేసికొనిన సంభాషణలును పోయినవి. ఆ వృద్ధులలో కొందరు నేడు లేరు.

ఆపరేటరు దుర్మార్గుడని నేననను. అతనిచేత ఆ పని చేయించినది ఆ సందేశము. కంప్యూటరుపై చేయి వేసిన ప్రతివాడును దానిని చూచియే యుండును గాని, దానిలోని అన్యాయమును నిలిచి ఆలోచించినవారు అరుదు. విండోస్‌నకు వాస్తవముగా తెలిసినదేమి? ఈ డ్రైవులోని అమరిక తనకు తెలియదన్నంతవరకే. లోపల నున్నది శూన్యమో, ఒక మనిషి జీవితకాలపు కృషియో దానికి తెలియదు. తెలియదని చెప్పవలసిన చోట అది, ఫార్మాట్ చేసిననే ఇది పనికివచ్చునని చెప్పుచున్నది. తమిళ లిపిలో వచ్చిన ఉత్తరమును చదువలేకపోయిన గుమాస్తా, ఈ కాగితమును తుడిచి తెల్లగా చేసిననే వాడుకకు వచ్చునని పలికినయెడల అట్టివానిని ఏ కార్యాలయమును ఒక్కదినమైన కొలువులో నుంచుకొనదు. అదే మాటను యంత్రము పలికినప్పుడు మనము తలయూపి బటను నొక్కుచున్నాము. ఫార్మాట్ అను బటనును ముందునిలిపి, రద్దు అను బటనును దాని ప్రక్కన నుంచినారు. డ్రైవులోనిదంతయు తుడిచిపెట్టుకొనిపోవునన్న హెచ్చరిక మొదట కనిపించదు. ఫార్మాట్ పెట్టె తెరచి, స్టార్ట్ నొక్కిన పిమ్మట మాత్రమే కనిపించును. అప్పటికి చేయి మనస్సును దాటిపోవును. ఇదే సందర్భమున ఆపిల్ వారి మ్యాక్, చొప్పించిన డిస్కును ఈ కంప్యూటరు చదువలేకున్నదని లోపమును తనయందే చెప్పుకొని, డిస్కును బయటికి తీసివేయు మార్గమును గూడ ఆ పెట్టెలోనే చూపుచున్నది. ఒక సంస్థ వ్రాయగలిగిన నిజమును మరియొక సంస్థ వ్రాయజాలదా?

పోయినదంతయు అప్పుడే పోవుట లేదు. ఈ మాట తెలియకపోవుటచేత జరుగు నష్టము మొదటి నష్టముకంటె పెద్దది. క్విక్ ఫార్మాట్ చేసినప్పుడు యంత్రము క్రొత్త పట్టికలను మాత్రము వ్రాసి, పాత సమాచారములో అధికభాగమును తాకక విడుచును. ఆ క్షణముననే డ్రైవును ఊడదీసి, దానిపై మరేమియు వ్రాయక నిలిపినచో టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వంటి ఉచిత సాధనములతో చాలవరకు తిరిగి రాబట్టవచ్చును. క్విక్ అను గుర్తును తీసివేసి పూర్తి ఫార్మాట్ చేసినచో, విస్టా కాలమునుండి విండోస్ డ్రైవు పొడుగునను సున్నలు వ్రాయుచున్నది. అప్పుడిక ఆశ లేదు. దుకాణములలో జరుగుచున్నదేమి? పొరపాటు తెలిసిన వెంటనే, డ్రైవు పనిచేయుచున్నదని నిరూపించుటకై ఏదో సినిమా ఫైలును దానిలోనికి కాపీ చేసి చూపుచున్నారు. మిగిలియున్న సమాచారము ఆ ఫైలు క్రింద సమాధియగుచున్నది.

ఒక యంత్రపు డ్రైవును మరియొక యంత్రము చదువలేని ఈ చీలిక ప్రకృతిసిద్ధము కాదు, కంపెనీలు కట్టిన గోడ. 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టిన ఫ్యాట్ పద్ధతి, 1996లో ఫ్యాట్32గా పెరిగి దాదాపు ప్రతి యంత్రమునకును అర్థమయ్యెను గాని, ఒక్కొక్క ఫైలు 4 జీబీని మించరాదన్న కట్టడి దానితోనే వచ్చినది. అంతటితో ఆగక, 2 టీబీ వరకు పోగల ఆ పద్ధతిని 32 జీబీకి మించిన డ్రైవులపై వేయుటకు విండోస్ 2000 మొదలుగా విండోస్ ఫార్మాట్ పెట్టెయే నిరాకరించినది. 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను మ్యాక్ చదువును గాని తనంతట వ్రాయదు. ఆపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌ను విండోస్ గుర్తింపనే గుర్తింపదు. అందరికిని పనికివచ్చు ఎక్స్‌ఫ్యాట్‌ను 2006లో తెచ్చిన మైక్రోసాఫ్ట్, దానిని లైసెన్సుల వెనుక దాచినది. ఫ్యాట్ పేటెంట్ల పేర 2009లో టామ్‌టామ్ అను సంస్థపై దావా వేసిన దాని చరిత్ర నెరిగిన లినక్స్ వారు ఎక్స్‌ఫ్యాట్‌ను తమ కెర్నెల్‌లోనికి తెచ్చుటకు ఏండ్ల తరబడి వెనుదీసిరి. 2019 ఆగస్టులో గాని ఆ పద్ధతి వివరములు బహిరంగము కాలేదు. ఆ సంవత్సరాంతముననే అది లినక్స్ 5.4లో చేరినది, 2020లో 5.7తో శాంసంగ్ వారి మెరుగైన డ్రైవరు వచ్చినది. విండోస్‌లో 2008నాటి విస్టా మొదటి సర్వీస్ ప్యాక్ నుండి, మ్యాక్‌లో 2010నాటి 10.6.5 నుండి అది యున్నది. 32 జీబీకి మించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులకు 2009 నుండి అదియే ప్రమాణము. అనగా మన పెండ్లి వీడియోలు తీయు కెమెరాలు ఎప్పుడో అంగీకరించిన దానిని మన దుకాణములు నేటికిని అంగీకరింపలేదు.

ఇక సాకులు చాలించవలెను. గోడ కూలిన తరువాతను పాతదారినే నడచుట అజ్ఞానము కాదు, నిర్లక్ష్యము. అను ఫాంట్ల కొరకును, పేజ్‌మేకర్ కొరకును పాత ఎక్స్‌పీ యంత్రమును వదలలేకున్నామని డీటీపీ యజమానులందురు. ఎక్స్‌పీకి గూడ ఎక్స్‌ఫ్యాట్ చదువు అప్‌డేట్ 2009లోనే వచ్చినది, పెట్టుకొననిది మీరు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ లేదు, మధ్యలో ఊడబెరికిన పాడగునని మరికొందరందురు. ఎజెక్ట్ నొక్కి తీయుడు, అంతే. పాత టీవీ, కారులోని స్టీరియో చదువవందురా, పాటలకు వేరొక చిన్న డ్రైవును ఫ్యాట్32లో నుంచుకొనుడు. అంతయు ఇంటర్నెట్‌లో పంపుకొనవచ్చును గదా యనువారు, నెట్ సరిగా అందని పల్లెలోని స్టూడియో నుండి పదుల జీబీల పెండ్లి వీడియోను డాలస్‌లోని కుమారునికి ఒకసారి పంపి చూచిన పిమ్మట మాటలాడుదురు గాక.

చేయవలసిన పని స్వల్పము. డ్రైవులోనిది ముందు వేరొకచోట భద్రపరచుకొని, విండోస్‌లో డ్రైవుపై రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ పెట్టెలో ఫైల్ సిస్టమ్ అన్నచోట ఎక్స్‌ఫ్యాట్‌ను ఎంచుకొని, తక్కిన వానిని ఉన్నవి ఉన్నట్లే విడువుడు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరచి, అన్ని పరికరములును కనిపించునట్లు చేసికొని, లోపలి విభాగమును గాక డ్రైవునే ఎంచి, ఎక్స్‌ఫ్యాట్‌తోపాటు స్కీము క్రింద మాస్టర్ బూట్ రికార్డును గూడ ఎంచవలెను. అదే స్కీము క్రింద జీపీటీని ఎంచినచో కొన్ని పాత యంత్రములు డ్రైవును చూడనే చూడవు. లినక్స్‌లో ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్ అను ప్యాకేజీతో ఇదే పని జరుగును.

దుకాణదారులారా, గిరాకీదారుని డ్రైవు తెరుచుకొననప్పుడు మీ చేయి వెళ్లవలసినది రద్దు బటనుపైకి. తరువాత అడుగుడు: ఇది ఏ కంప్యూటరులో సిద్ధమైనది, మరియొక ప్రతి యున్నదా అని. లినక్స్‌ను నేరుగా నడుపు ఒక పెన్‌డ్రైవును గల్లాపెట్టెలో నుంచుకొన్నచో, ఈఎక్స్‌టీ4 డ్రైవులను మీ యంత్రముననే చదివి, ఎవరి ఫైలును చెడకుండ ముద్రించి యీయగలరు. ఖర్చు ఒక చిన్న డ్రైవు వెల. గిరాకీదారుడు స్వహస్తముతో వ్రాసియిచ్చిననే ఫార్మాట్ చేయుదుమని బోర్డు వ్రాసి, కంప్యూటరు ప్రక్కననే కట్టుడు.

ల్యాబుల బాధ్యులు చేయవలసినది అంతకంటె ఎక్కువ. డ్రైవు ఫార్మాట్ పద్ధతులను ప్రశ్నపత్రములో రెండు మార్కులకు అడిగి విడుచుట చాలదు; విద్యార్థి తన డ్రైవును ఎక్స్‌ఫ్యాట్‌లో సిద్ధముచేసి, విండోస్‌లో ఒక ఫైలు వ్రాసి, లినక్స్‌లో దానిని తెరచి మార్చి, తిరిగి విండోస్‌లో చూపినప్పుడే ప్రాక్టికల్ రికార్డుపై సంతకము చేయవలెను. ల్యాబు పేర ఇచ్చు డ్రైవులన్నియు ఆ పద్ధతినే యుండవలెను. పాఠశాలలకు పంచు పాఠ్యసామగ్రి డ్రైవుల టెండర్లలో ప్రభుత్వములు ఈ షరతును వ్రాయవలెను. ఫార్మాట్ చేయవలెనన్న ఆ సందేశమును మార్చవలెనని విండోస్‌లోని ఫీడ్‌బ్యాక్ హబ్ ద్వారా ప్రతి అధ్యాపకుడును, ప్రతి విద్యార్థియు మైక్రోసాఫ్ట్‌కు వ్రాయవలెను. కోరవలసిన వాక్యము ఇది: ఈ డ్రైవును నేను చదువలేకున్నాను, దీనిలో మీ సమాచారము ఉండవచ్చును, దీనిని సిద్ధము చేసిన కంప్యూటరులో ముందు చూచుకొనుడు.