వీరగల్లు కథను మా ఫోన్ల దాకా రానివ్వండి

గౌరవనీయులైన మ్యూజియం అధికారి గారికి,
పట్టణంలోని డిగ్రీ కాలేజీల విద్యార్థులం సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: మ్యూజియం సోషల్ మీడియా ఖాతాలను తిరిగి నడపడం, ఆ పనిలో విద్యార్థులకు చోటివ్వడం గురించి.

అయ్యా,

గత నెల మేం పదకొండు మందిమి మ్యూజియం చూడ్డానికి వచ్చాం. వరండా చివర ఒక వీరగల్లు ఉంది. దాన్ని దాటి వెళ్లిపోతుంటే అటెండరుగారు వెనక్కి పిలిచి, ఫోన్ టార్చిని పక్కవాటుగా పట్టమన్నారు. అప్పటిదాకా చదునుగా ఉన్న రాతి మీద మూడు వరసల బొమ్మలు తేలాయి. కింద ఆవుల మంద, దాని ముందు కత్తి దూసిన మనిషి. నడుమ అతణ్ని చెరో పక్క పట్టుకుని తీసుకెళ్తున్న అప్సరసలు. పైన శివలింగం దగ్గర కూర్చున్న అదే మనిషి. "పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చిపోయాడమ్మా. ఊరోళ్లు మర్చిపోకూడదని రాయి నిలబెట్టుకున్నారు" అన్నారాయన. ఫోన్ ఎత్తబోతే ఎదురుగా 'ఫొటోలు తీయరాదు' బోర్డు.

మ్యూజియం ఫేస్‌బుక్ పేజీలో చివరిది మూడేళ్ల కిందటి జెండా వందనం ఫొటో. పేజీ చూసే ఉద్యోగి బదిలీ అయ్యారని, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదని చెప్పారు.

2020 మార్చిలో కోవిడ్‌తో మూతపడ్డప్పుడు అమెరికాలో ఓక్లహోమా సిటీలోని కౌబాయ్ మ్యూజియం తన ఖాతాలను సెక్యూరిటీ అధికారి టిమ్ టిల్లర్ చేతికిచ్చింది. ఆయనకు సోషల్ మీడియా కొత్త. కళ్ల ముందున్న వస్తువు గురించి తన మామూలు మాటల్లో రాసి, కింద 'థ్యాంక్స్, టిమ్' అని పెట్టేవారు. లక్షల మంది ఆ ఖాతాలను ఫాలో అయ్యారు. అలాంటి మనిషి మన వరండాలోనే ఉన్నారు.

ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోనివ్వండి. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ సమాధి మందిరం మినహా తన కట్టడాల్లో కేంద్ర పురావస్తు శాఖే 2018 జులైలో అనుమతించింది.

మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అటెండరుగారు ఒప్పుకుంటే వారానికోసారి ఒక్క వస్తువు గురించి వీడియోలో రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. ఆయన యాసను దిద్దొద్దు. ఆ సమయం డ్యూటీ కింద లెక్కించాలి, వీడియోలో ఆయన పేరు వేయాలి. తీయడం, ఎడిటింగ్ మేం చూసుకుంటాం, పైసా అడగం. కాలం, రాజవంశం, శాసన పాఠం మీ కార్యాలయం సరిచూశాకే పోస్టు చేస్తాం. తప్పుడు చరిత్ర వాట్సాప్‌లో ఇప్పటికే కావలసినంత తిరుగుతోంది, మేం ఇంకొంత కలపదలచుకోలేదు.

ఖాతా కార్యాలయం పేరిటే ఉండాలి. బదిలీ అయ్యేవారు చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలతో పాటు పాస్‌వర్డ్ కూడా అప్పగించాలి. కామెంట్లలో వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత ఒకరికి ఇవ్వాలి.

మ్యూజియం చూసిన సాయంత్రమే మాలో ఒకమ్మాయి తన ఊరెళ్లి, చెరువు గట్టున బట్టలుతికే బండ మీదికి టార్చిని పక్కవాటుగా పట్టి చూసింది. కత్తి పట్టిన చెయ్యి కనిపించింది. బండను ఎవరూ కదపలేదు. ఫొటో జతచేశాం. వానలు పడి చెరువు నిండేలోపు మీ కార్యాలయం నుంచి ఎవరైనా వచ్చి చూడాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
డిగ్రీ విద్యార్థులు