అమ్మలూ, దిగి తొయ్యండి!

మన్యంలో బండి ఎక్కడ ఆపి ఉందో చూస్తే చాలు, దాని బ్యాటరీ జాతకం చెప్పెయ్యొచ్చు. ముక్కు పల్లానికి పెట్టి, ముందు చక్రం కింద రాయి దోపి ఉందనుకోండి, ఆ బండికి సెల్ఫు సరిగ్గా అందుకోదన్నమాట. పొద్దున్నే రాయి తీసేస్తే బండి దానంతటదే దొర్లుతుంది. దొర్లుతుండగా గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. డ్రైవరు బాబు దీన్ని గొప్ప తెలివి అనుకుంటాడు. తెలివే, కాదనను. కానీ ఆ తెలివికి పల్లం కావాలి. పల్లం లేనిచోట ఏం కావాలో తెలుసా? ఆడవాళ్లు కావాలి.

నవ్వకండి. పోయిన పుష్యమాసంలో నేనూ తోశాను.

కొత్త నవలకోసం అరకు లోయ చూద్దామని వెళ్లి, అక్కడ ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న నా స్నేహితురాలింట్లో వారం రోజులు మకాం పెట్టాను. మనలో చాలామందికి అరకంటే అద్దాల రైలుపెట్టె, బొర్రా గుహలు, బొంగులో చికెన్. రోడ్డు వదిలి లోపలికి పోతే ఇవేవీ ఉండవు. ఒక డీజిలు పికప్ బండి ఉంటుంది. అదే బస్సు, అదే లారీ, అర్ధరాత్రి అవసరమొస్తే అదే అంబులెన్సు. సామాను బండిలో మనుషులు ఎక్కకూడదని చట్టం ఉంది, నాకూ తెలుసు. బస్సు రాని ఊళ్లో ఆ చట్టం చదివి వినిపించడానికి వెళ్లేవాళ్లు కూడా ఆ పికప్ ఎక్కే వెళ్లాలి మరి.

ఆ రోజు సంత. తెల్లవారుజామున మేమూ ఎక్కాం. వెనక ట్రక్కులో పద్నాలుగు మంది ఆడవాళ్లు, అల్లం బస్తాలు, పసుపు, చిక్కుడు గింజలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. ఒక మూల నెలలు నిండిన పిల్ల, పక్కన దాని అత్తగారు. ఆసుపత్రిలో చూపించుకుని, ఉండమంటే అక్కడే ఉండిపోదామని మూట కట్టుకుని వచ్చారు. ముందు కేబిన్లో డ్రైవరూ, అతని పక్కన ఇద్దరు మగవాళ్లూ.

దారిలో ఒక గెడ్డ దగ్గర ఇంకా బస్తాలు ఎక్కించాలని ఆపాడు. చదునైన నేల. డీజిలు దండగని ఇంజను ఆపేశాడు. కానీ చీకటి కదా, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. చలి కదా, పాటలు మోగుతూనే ఉన్నాయి. అరగంట తర్వాత తాళం తిప్పితే బండి 'కుర్రు... కుర్రు...' అని నీరసంగా రెండుసార్లు మూలిగింది. మూడోసారి 'టక్' అంది. అంతే.

"సెల్ఫు అందుకోట్లేదు. అమ్మలూ, దిగి తొయ్యండి!"

అందరూ దిగారు, మాటా పలుకూ లేకుండా. అలవాటన్నమాట. ఆ నిండు చూలాలు కూడా దిగింది. "నువ్వుండవే" అని అత్తగారంటే, "బరువు తగ్గాల, దిగిపోమను" అన్నాడు డ్రైవరు. కేబిన్లో ఇద్దరూ మాత్రం దిగలేదు. వాళ్లకు బరువు ఉండదు కాబోలు. ఒకాయన అద్దం దించి, "ఇంకొంచెం గట్టిగా!" అని సలహా కూడా ఇచ్చాడు. మూడో విడతకి బండి అందుకుంది. నా కాశ్మీరు శాలువా నిండా నల్లటి పొగ.

తోసినందుకు నాకు కోపం లేదు. మళ్లీ ఎక్కేముందు, "బ్యాటరీకేమైంది బాబూ?" అని అడిగాను. "ఆ గొడవ మీకెందుకమ్మా! చలికి అంతే" అన్నాడు. ఇదిగో, ఈ మాటతోనే నా పేచీ. తొయ్యడానికి పనికొచ్చిన చేతులు తెలుసుకోవడానికి పనికిరావా?

నేను ఆర్ట్సు చదివినదాన్ని. సైన్సు పుస్తకం టెన్త్‌తోనే మూసేశాను. అయినా ఆ వారం రోజుల్లోనూ, ఇంటికొచ్చాకా, కనపడ్డ మెకానిక్కునల్లా అడిగి, దొరికిన పుస్తకమల్లా తిరగేసి తెలుసుకున్నదేమిటంటే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతే అనే ఆయన సీసం పలకల్ని గంధకికామ్లంలో ముంచి బ్యాటరీ చేశాడు. ఈ రోజు పికప్ బానెట్ కింద ఉన్న నల్లపెట్టె దానికి మునిమనవడే. ఆరు అరలుంటాయి, ఒక్కో అరకి రెండు వోల్టుల పైచిల్లర. అన్నీ కలిపి, నిండుగా ఉన్నప్పుడు పన్నెండున్నర దాటి చూపిస్తుంది. రాత్రంతా ఆపి ఉన్న బండికి పొద్దున్నే మీటరు పెడితే 12.6 ఉంటే నిక్షేపంగా ఉన్నట్టు. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టు. ఆ మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది. పిల్లకి జ్వరం వస్తే థర్మామీటరు చూడగల ఏ తల్లయినా దీన్నీ చూడగలదు.

ఇహ, చలి మాట. పూర్తిగా అబద్ధం కాదు. పెట్రోలు ఇంజనుకి నిప్పురవ్వ అంటిస్తుంది. డీజిలు ఇంజనుకి రవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి, ఆ వేడికే డీజిలు భగ్గుమనేలా చేస్తారు. సైకిలుకి గాలి కొడితే పంపు అడుగున వేడెక్కడం చూశారు కదా, అదే సంగతి. అంత గట్టిగా నొక్కాలంటే ఇంజనుని గట్టిగా తిప్పాలి. చలికి ఇంజను ఆయిలు పేరుకున్న నెయ్యిలా చిక్కబడుతుంది. నీళ్లు గడ్డకట్టేంత చలిలో బ్యాటరీ సత్తా సుమారు మూడోవంతు తగ్గిపోతుంది. పని పెరిగి బలం తగ్గితే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా!

కానీ బ్యాటరీని చంపేది చలి కాదు. వేసంగిలో ఎండకి లోపలి నీరు ఇగిరిపోయి, పలకలు తినేసి, అది అప్పుడే సగం చస్తుంది. పుష్యమాసం వచ్చి ఆ కబురు చెబుతుంది, అంతే. ఒట్టి చలికే బళ్లు ఆగిపోయేటట్టయితే లడఖ్‌లో ఒక్క డీజిలు లారీ కూడా కదలకూడదు.

మరి దోషం ఎవరిది? ఇంజను ఆపి పాటలు పెట్టినవాడిది. దిగుడు ఘాటీలో డీజిలు మిగులుతుందని ఇంజను కట్టేసి బండిని దొర్లించేవాడిది. ఇంజను తిరక్కపోతే బ్యాటరీకి ఛార్జింగు ఎక్కడిది? పైగా అలా దొర్లిస్తే బ్రేకు బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, ట్రక్కులో ఉన్న మన ప్రాణాలు మలుపు మలుపుకీ గాల్లో ఉంటాయి. బ్యాటరీని బిగించే క్లాంపు ఊడిపోతే తాడుతో కట్టి సరిపెట్టుకున్నవాడిది. ఆ రాళ్లదారి కుదుపులకి లోపలి పలకల మీది ముద్ద రాలి అడుగున పడిపోతుంది. అరల్లో డిస్టిల్డు వాటరు పొయ్యాల్సినచోట గెడ్డనీళ్లు పోసినవాడిది. చివరికి, టెర్మినళ్ల మీద పట్టిన తెల్లటి బూజుని చూసీ చూడనట్టు వదిలేసినవాడిది. చాలాసార్లు బ్యాటరీ చావనే చావదు. ఆ బూజు వల్ల కరెంటు దాటదు, అంతే. దానికి మందేమిటో తెలుసా? వేణ్నీళ్లలో వంటసోడా! ముందు నెగటివు తీగ విప్పి, తర్వాత పాజిటివు విప్పి, ఆ నీళ్లు అరల్లోకి పోకుండా పాత బ్రష్షుతో తోమి, తుడిచి, బిగించేటప్పుడు పాజిటివు ముందు, నెగటివు తర్వాత. పైన కాస్త వ్యాసెలైను. మన వంటింటి షెల్ఫులో ఉన్న సరుకేనండీ ఇదంతా.

"ముట్టుకోకండి, షాకు కొడుతుంది!" అంటారు. మావారూ అదే అన్నారు. పన్నెండు వోల్టులు పొడిచేతికి షాకు కొట్టదు. అసలు భయాలు వేరే ఉన్నాయి, వాటిని ఎవరూ చెప్పరు. లోపలిది ఆసిడ్, కంట్లో పడితే చూపు పోతుంది. ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది, దగ్గర బీడీ వెలిగిస్తే పెట్టె పేలుతుంది. లోహపు గాజో, ఉంగరమో రెండు టెర్మినళ్ల మధ్య తగిలిందా, ఎర్రగా కాలి చర్మానికి అంటుకుపోతుంది. అంచేత బంగారు గాజులు తీసి పక్కన పెట్టండి. మట్టిగాజులకి ఆ భయం లేదు. ఉంగరం పెట్టుకున్న మగ మెకానిక్కుకీ ఇదే సూత్రం. వాణ్ణెవరూ "నీకెందుకు నాయనా" అనరు.

ఆడవాళ్లకి యంత్రాలు చేతకావని కొట్టిపారేసే మహానుభావులకి ఒక పాత కథ. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మొగుడికి చెప్పకుండా ఆయన చేసిన మూడు చక్రాల మోటారుబండి ఎక్కి, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి సుమారు వంద కిలోమీటర్లు వెళ్లింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందని చెబుతారు. ఎత్తుల్లో బండి దిగి తోశారని కూడా చెబుతారు. తొయ్యడం ఆవిడకీ తప్పలేదు, చూశారా! కానీ ఏం చెడిందో ఆవిడకి తెలుసు. ఆ తర్వాత అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు కష్టపడితే, 1912 మోడలు కాడిలాక్ కారుకి కరెంటు సెల్ఫు వచ్చింది. అంతకుముందు ఇనప హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేవారు, అది వెనక్కి తన్ని మణికట్లు విరిగేవి. మనిషి చేతులకి ఆ బాధ తప్పించడానికి పుట్టింది బ్యాటరీతో తిరిగే సెల్ఫు. నూరేళ్లు దాటాక అనంతగిరి కొండల్లో ఆ పని ఆడవాళ్ల చేతులమీదికే వచ్చిందంటే, తప్పు యంత్రానిదంటారా?

పోనీ తోసే పుణ్యం ఎల్లకాలం మనకే దక్కుతుందా అంటే, అదీ లేదు. ఇప్పుడొస్తున్న డీజిలు బళ్లలో డీజిలు ఎప్పుడు ఎంత వదలాలో ఒక కంప్యూటరు చెబుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిందంటే ఆ కంప్యూటరుకి స్పృహ ఉండదు. ఇరవైమంది తోసినా బండి అందుకోదు. అప్పుడిక మిగిలేది ఇంకో బండి, దానికో దీనికో తగిలించే జంపరు కేబుళ్లు. వాటి వరసా చెప్పేస్తాను, కత్తిరించి దాచుకోండి. రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివుకి, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివుకి. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగటివుకి, దాని రెండో కొస చచ్చిన బండి ఇంజను మీద, బ్యాటరీకి దూరంగా, రంగులేని ఇనుముకి. చివర వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ దగ్గర రాకూడదని ఈ జాగ్రత్త. మంచి బండి కాసేపు నడిచాక రెండోదాన్ని స్టార్టు చెయ్యాలి. ఉబ్బినా, పగిలినా, కారుతున్నా ఆ బ్యాటరీ జోలికే పోకూడదు.

"కొత్త బ్యాటరీకి వేలల్లో అవుతుందమ్మా, ఎక్కణ్ణించి తెస్తాం?" అంటాడు బండి యజమాని. నిజమే, వాడూ అప్పుచేసి కొన్నవాడే. కానీ ఆ అప్పు తీరుతున్నది ఎవరి ఛార్జీలతో? మనిషికింత, బస్తాకింత అని అల్లం అమ్మకముందే అప్పుపెట్టి కట్టే ఆ ఆడవాళ్ల డబ్బుతో. అడిగే హక్కు వాళ్లకి ఛార్జీతోనే వచ్చేసింది. బ్యాటరీ ఎప్పటిదో దానిమీదే వేసి ఉంటుంది. ఊళ్లో డ్వాక్రా సంఘం ఉంటుంది. ఆ సంఘానికో మీటరు, ఒక జత జంపరు కేబుళ్లు ఉంటే ఏ కొంపా మునగదు. వాటిని చెక్కపెట్టెలో దాచి, తాళంచెవి మళ్లీ ఏ మగాడి జేబులోనో పెట్టకపోతే చాలు.

చచ్చిన బ్యాటరీ ఏమవుతోందో అన్నది ఇంకో బాధ. ఒక ఇంటి చూరు కింద పగలగొట్టిన బ్యాటరీ చూశాను. ఆసిడ్ నేలమీద ఒంపేశారు, గడ్డి మాడి ఉంది. బూడిదరంగు పలకముక్కలతో నాలుగేళ్ల పిల్లాడు బళ్ల ఆట ఆడుతున్నాడు. అది సీసం. పిల్లల మెదడుకి ఇంతవరకు ఫరవాలేదనే హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని 2001లోనే మన దేశంలో నియమాలు చేశారు, 2022లో మళ్లీ కొత్తవి చేశారు. కొత్తది కొనేటప్పుడు పాతది ఇస్తే దుకాణంలో డబ్బు తగ్గిస్తారు కూడా. ఇంత చిన్న సంగతి ఆ తల్లికి ఒక్కరూ చెప్పలేదు. ఆవిడకెందుకనుకుని ఉంటారు!

మా కాలనీలో ఇదంతా చెబితే ఒకావిడ, "మా ఇంట్లో బండి సంగతులన్నీ ఆయనే చూసుకుంటారండీ" అంది, పట్టుచీర చూపించినంత గర్వంగా. ఆవిణ్ణి అనడానికి నాకు నోరు లేదు. అరకు వెళ్లేదాకా మా కారు బానెట్ ఎలా తెరుచుకుంటుందో నాకూ తెలియదు.

ఆ రోజు బండి అందుకుంది. పిల్ల ఆసుపత్రికి చేరింది. అందుకే ఇదంతా కాస్త వేళాకోళంగా రాయగలుగుతున్నాను. అందుకోకపోయి ఉంటే దోలీ కట్టాల్సి వచ్చేది. కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, భుజాలమీద మోసుకుంటూ మైళ్లు నడవడం. ఆ కొండల్లో దోలీలు మోయడం నేటికీ మానలేదు.

నేను తిరిగొచ్చే రోజున మళ్లీ అదే బండి, అదే గెడ్డ, అదే చదును. ఇంజను ఆగింది. పాట మోగుతోంది. వారం రోజులుగా నా ఉపన్యాసాలు వింటున్న అల్లం బస్తా ముసలమ్మ ట్రక్కులోంచి లేచి, కేబిను మీద దబదబా బాదింది.

"బాబూ, ఇంజిను కట్టేసినావు గదా? ఆ పాట కూడా కట్టెయ్!"

డ్రైవరు తల బయటపెట్టి నావైపు గుర్రుగా చూశాడు. నేను కోళ్లవైపు చూస్తూ కూర్చున్నాను. పాట ఆగింది.