సీటు ఒక్కటే చాలదు, బడి మీద మాట కూడా మనదే కావాలి

1960 నవంబర్ 14న రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పాప ఫెడరల్ మార్షల్స్ కాపలా మధ్య అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో విలియం ఫ్రాంట్జ్ ప్రాథమిక పాఠశాల మెట్లెక్కింది. బయట తెల్లజాతి గుంపు తిట్లు, శాపనార్థాలు. తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. ఆ ఏడాదంతా ఒక టీచరు, ఆ పాప, ఒక ఖాళీ తరగతి గది. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్న భీమ్‌రావు కథ తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

2013లో అదే భవనంలోకి అకిలి అకాడమీ అనే చార్టర్ స్కూలు వచ్చింది. ఒకప్పుడు ఒక్క నల్ల పాపను భరించలేకపోయిన ఆ బడిలో ఇప్పుడు చదివేది ఎక్కువగా నల్లజాతి పేద పిల్లలే. ఇది గెలుపా? సగం గెలుపు అంటాను. మిగతా సగం ఎక్కడ ఆగిపోయిందో మన వాడల్లోని బడుల కోసం కూడా తెలుసుకోవాలి.

చార్టర్ స్కూలంటే డబ్బు ప్రభుత్వానిది, నడిపేది విడి సంస్థ. ఫీజు ఉండదు. కొన్నేళ్లకు ఒప్పందం రాసుకుంటారు. ఫలితాలు రాకపోతే ఒప్పందం రద్దవుతుంది, బడి మూతపడుతుంది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం దీనికి తొలి చట్టం చేసింది. అంతకు మూడేళ్ల ముందు ఈ ఆలోచనకు దేశవ్యాప్తంగా ప్రచారం తెచ్చింది ఉపాధ్యాయ సంఘ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్. ఉపాధ్యాయులే కొత్త పద్ధతులు ప్రయత్నించే చిన్న బడులు ఆయన కోరుకున్నవి. తర్వాత ప్రైవేటు సంస్థలు అందులోకి రావడం చూసి ఆయనే వాటిని విమర్శించాడు.

ఈ బడులకు దరఖాస్తు పెట్టే నల్లజాతి తల్లులను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. పక్కనున్న సర్కారు బడిని దశాబ్దాలుగా ఎండగట్టిన వ్యవస్థ ముందు, ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపు తడతారు. ఫలితాలూ ఒకే రకంగా లేవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో సంస్థ 2009 అధ్యయనంలో, గణితంలో సాధారణ బడులకంటే మెరుగ్గా ఉన్న చార్టర్ స్కూళ్లు 17 శాతం, వెనకబడినవి 37 శాతం. అదే సంస్థ 2023 నివేదికలో మొత్తంగా చార్టర్ పిల్లలే కొంత ముందున్నారు, పేద నల్లజాతి పిల్లలకు లాభం మరింత కనిపించింది. న్యూ ఆర్లీన్స్‌లో కూడా పరీక్షల మార్కులు పెరిగాయి. దీన్ని దాచిపెట్టి వాదించాల్సిన పని లేదు.

కానీ ఆ మార్కుల పక్కనే ఇంకో లెక్క ఉంది. 2005లో కత్రినా తుపాను తర్వాత ఆ నగర పాఠశాలల్లో పనిచేసే 7 వేల మందికి పైగా ఉద్యోగులను తీసేశారు. వారిలో అత్యధికులు నల్లజాతివారు, చాలామంది ఆడవాళ్లు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా వారికి న్యాయం దక్కలేదు. తుపానుకు ముందు ఉపాధ్యాయుల్లో 71 శాతం నల్లవారు, 2014 నాటికి సగానికి తగ్గారు. నగర ప్రజలు ఎన్నుకున్న స్కూలు బోర్డు నుంచి చాలా బడులను రాష్ట్ర ప్రభుత్వం లాక్కుని, సంస్థలకు అప్పగించింది. ఆ సంస్థల పాలకవర్గాలకు తల్లిదండ్రులు ఓటేయరు. బడి మూసేస్తే పిల్లవాడికి ఇంకోచోట సీటు చూపిస్తారు, అంతే. 2016లో నల్లజాతి ప్రజల పాత సంఘం ఎన్‌ఏఏసీపీ, జవాబుదారీతనం వచ్చేదాకా కొత్త చార్టర్లు ఆపాలని తీర్మానించింది. 2024లో న్యూ ఆర్లీన్స్ బోర్డు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సొంతంగా నడిపే ఒక బడిని తెరిచింది. దానికి నల్లజాతి వంట నిపుణురాలు లియా చేజ్ పేరు పెట్టింది.

ప్రభుత్వం కాకుండా వేరేవాళ్లు బడి పెట్టడమే తప్పని నేననడం లేదు. 1848లో ఫూలే దంపతులు పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు సర్కారు కోసం కాచుక్కూర్చోలేదు. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. అయితే ఫూలే అక్కడితో ఆగలేదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో, రైతుల నుంచి పిండిన పన్ను పైకులాల ఉన్నత చదువులకు పోతోందని నిలదీశారు. కనీసం పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చేయాలని అడిగారు. బడి పెట్టి చూపించారు, సర్కారు బాధ్యతనూ వదలలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలవి. అక్కడా లాటరీయే. చీటీ తగిలిన పాప లోపలికి వెళ్తుంది, తగలని పాప మళ్లీ వాడ బడికే వస్తుంది. ఆ వాడ బడి ఉంటుందా? ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117 జీవో 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడుల నుంచి హైస్కూళ్లకు తరలించింది. తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కానీ తరలించేటప్పుడు వాడను అడిగిందెవరు? 2025లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 50 మంది కంటే తక్కువ పిల్లలున్న బడులను పక్క బడులతో కలపమంది. అమెరికాలో ఒప్పందం పేరుతో మూస్తే, ఇక్కడ సంఖ్య పేరుతో మూస్తున్నారు. రెండు చోట్లా నిర్ణయం పైనుంచే వస్తుంది, నడిచి వెళ్లాల్సింది మాత్రం ఆరేళ్ల పిల్లలు.

మన చేతిలో ఆయుధం ఒకటుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడిలో ఉండే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాలకు వారి జనాభాకు తగినంత చోటు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, నిధుల ఖర్చు చూడటం ఆ కమిటీ పని. చాలా ఊళ్లలో అది సంతకాల పుస్తకంగా మిగిలింది. తీర్మానం ముందే రాసి ఉంటుంది, కూలికి పోయి వచ్చిన తల్లి వేలిముద్ర వేసి వెళ్తుంది.

కాబట్టి బహుజన సంఘాలు, ఉపాధ్యాయులు చేయాల్సిన పని స్పష్టం. కమిటీ సమావేశాలు కూలి వేళలు దాటాక పెట్టమని అడగాలి. లెక్కలు తెలుగులో చదివి వినిపించమని అడగాలి. కమిటీ తీర్మానం లేకుండా ఏ ప్రాథమిక బడినీ మూయకూడదు, కలపకూడదు అనే నిబంధన కోసం కొట్లాడాలి. రాజ్యాధికారం ఢిల్లీ, అమరావతి, హైదరాబాద్‌లోనే ఉండదు. ముప్పై మంది పిల్లలున్న వాడ బడి తాళంచెవి ఎవరి దగ్గరుందన్నది కూడా రాజ్యాధికారమే.